బొంతలు తీసిన గోడ

జనవరి 6

పిచ్చుకా,

క్షేమ సమాచారాలు చివర రాస్తాను, ముందు పని.

ఫోను చేయొచ్చు కదా అంటావు. సైట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ అన్నయ్య బల్ల మీద ఉంటుంది. నేను రిసీవరు ఎత్తడం ఆలస్యం, స్టోరు గుమస్తా నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆ గదిలోనే ఏదో పని గుర్తొస్తుంది. వదినామరదళ్ల కబుర్లు వాళ్లకెందుకు చెప్పు.

ఆసుపత్రికి కిరణాల వైద్యం గది కడుతున్నామని చెప్పాను కదా. ఒంట్లో గడ్డలున్నవాళ్లకి యంత్రంతో కిరణాలు పెట్టే గది. ఆ కిరణాలు గది దాటి బయటికి రాకూడదు కాబట్టి గోడలు ఒక్కొక్కటీ మనిషి అడ్డంగా పడుకున్నంత మందం. ఎక్కడా పగులన్నది ఉండకూడదు. పెద్ద గోడలు రెండు, ఒకటయ్యాక ఒకటి పోస్తాం. పోసిన కాంక్రీటుని కనిపెట్టుకుని ఉండే పని, అంటే క్యూరింగు మొత్తం, నాకప్పగించారు. అప్పగించింది సైటు మేనేజరు గారు, అనగా మీ అన్నయ్య. "నీకున్న ఓపిక ఇక్కడ ఎవరికుంది" అన్నాడు. పొగిడాడో వదిలించుకున్నాడో ఇంకా తేలలేదు.

అసలు తంటా ఏమిటంటే ఇక్కడ క్యూరింగు అంటే నీళ్లు కొట్టడమే. పోసిన మర్నాటి నుంచీ పైపు పట్టుకుని తడపడం. మామూలు శ్లాబులకీ స్తంభాలకీ అది సరిపోతుంది. ఇంత లావు గోడ అలా కాదు. సిమెంటు గట్టిపడుతూ తనంతట తనే వేడెక్కుతుంది, మధ్యలో పుట్టిన వేడికి బయటికి దారి దొరకదు. పైన ఈ చలిగాలి. లోపల ఉడుకుతూ ఉబ్బి, పైన చల్లారి ముడుచుకుంటే పగలక ఏం చేస్తుంది. కాబట్టి దీన్ని చల్లార్చకూడదు, కప్పిపెట్టాలి. ఈ ముక్క చెవిన ఇల్లు కట్టుకుని పోరితే మీ అన్నయ్య ఒప్పుకున్నాడు. పాత దుప్పట్లు, స్పాంజి ముక్కలు తెప్పించి పనివాళ్లలో ఆడవాళ్లతో కలిసి నేనే బొంతలు కుట్టిస్తున్నాను. మేనేజరు గారు వచ్చేపోయేవాళ్లందరికీ "మా ఆవిడ గోడకి స్వెట్టరు కుడుతోంది" అని చెప్పుకుంటున్నారు. నవ్వుకోనీ.

మా సిమెంటు, ఇసుక, కంకర విడివిడిగా బస్తాల్లో పంపిస్తున్నాను. నీ లేబరేటరీలో కలిపి, ఎంత వేడెక్కుతుందో చూసి చెప్పు. వేరే లేబరేటరీకి పంపమన్నారు. నేను ఒప్పుకోలేదు. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ నువ్వు థర్మామీటరు చదివితే నేను కళ్లు మూసుకుని రాసుకునేదాన్ని కదా.

మేం బాగానే ఉన్నాం. మీ అన్నయ్యకి దగ్గు తగ్గింది, కేకలు తగ్గలేదు. ఈ సంబంధం తెచ్చినందుకు నిన్ను రోజుకోసారి తలుచుకుంటున్నాను, ఎలా తలుచుకుంటున్నానో అడక్కు.

నీ వదిన


జనవరి 19

మహారాజశ్రీ వదినగారి సముఖానికి పిచ్చుక విన్నవించుకునేది,

ఏమనగా, నీ బస్తాలు చేరాయి. ఒకటి దారిలో చిరిగి మా వరండా నిండా సిమెంటు. ఊడ్చే ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ నీకే చెందుతాయి.

నువ్వు ఎంత వేడి అని ఊరికే అడిగేశావు. అలా అడిగితే ఏం చెప్పను. ఎక్కడ పెడితే అంత. అందుకని మూడు పడకలు వేశాను. ఒకే గిన్నెలో కలిపిన ముద్దని మూడు డబ్బాల్లో పోసి, ఒక్కోదాని నడుములో తీగ థర్మామీటరు గుచ్చాను. మొదటిది అందరూ పెట్టే నీళ్ల తొట్టిలో ముంచాను. రెండోది తడి గోనె చుట్టి వరండాలో పెట్టాను. మూడోది చుట్టూ జానెడు మందం థర్మోకోల్ ఉన్న పెట్టెలో పెట్టి మూత బిగించాను.

తొట్టిలోది ముప్పై దాటలేదు. గోనెలోది ముప్పై ఆరు దాకా వచ్చి, గాలి తగిలి దిగిపోయింది. పెట్టెలోది అరవై ఎనిమిది. నేనే నమ్మలేక మూత మీద చెయ్యి వేసి చూశాను. మూత చల్లగా ఉంది. లోపల అంత కాలుతున్నట్టు బయటికి తెలియనే తెలియదు.

తొట్టిలో పుట్టిన వేడిని పుట్టినట్టే నీళ్లు పట్టుకుపోతాయి. పెట్టెలోది ఎక్కడికీ పోదు. ఆ వెచ్చదనానికి సిమెంటు ఇంకా జోరుగా గట్టిపడుతుంది, దానివల్ల ఇంకా వేడి. మీ గోడ నడుము నా పెట్టె లాంటిది. బొంత లేకపోతే మీ గోడ చర్మం నా వరండా లాంటిది. నువ్వు చూడాల్సింది ఎంత వేడెక్కిందని కాదు, నడుముకీ చర్మానికీ తేడా ఎంతుందని. తేడా ఇరవై లోపు ఉన్నన్నాళ్లూ హాయిగా నిద్రపో. దాటిందంటే బొంత మీద బొంత వెయ్యి. తీసేటప్పుడు కూడా ఒక్కసారి లాగెయ్యకు, చలికాలం తెల్లారగట్ల నా దుప్పటి లాగితే నేనేం చేసేదాన్నో గుర్తుంది కదా.

తొట్టి అంకె చూసి ఎవడైనా మీ గోడ ముప్పై డిగ్రీలే అంటే చెవి పట్టుకుని నా పెట్టె దగ్గరికి లాక్కురా. మిగతాది నేను చూసుకుంటాను.

అసలు రిపోర్టు మా పెద్దాయన సంతకాలయ్యాక ఆఫీసుకి వస్తుంది. నీకు ముందే రాస్తున్నాను.

అమ్మ కన్ను ఆపరేషను వచ్చే నెల మధ్యలో అంటున్నారు. "నా కోడలు పక్కనుంటేనే చేయించుకుంటా" అని మొండికేసింది. కన్న కూతురిని ఎదురుగా పెట్టుకుని ఆ మాట అంది చూడు.

పిచ్చుక


ఫిబ్రవరి 2

ఒసే పిచ్చుకా,

గోడ పోశాం. తెల్లవారుజామున మొదలుపెడితే చీకటి పడ్డాక అయింది. తల ప్రాణం తోకకొచ్చింది కానీ ఒక్క లారీ కూడా ఆగలేదు.

ఇప్పుడు బొంతలు కప్పుకుని కూర్చుంది మహాతల్లి. లోపల తీగలు నడుములో మూడు, చర్మం కింద మూడు పెట్టాం. ఇవాళ నడుము అరవై ఆరు, చర్మం యాభై. నీ పెట్టె ఎంత చెప్పిందో ఇంచుమించు అంతే. రీడింగులు చదవడానికి పొడుగామెకి నేర్పాను. బొంతలు కుట్టిన ఆడవాళ్లకి ఆవిడే పెద్ద, ఒక్కసారి చెబితే రెండోసారి చెప్పక్కర్లేదు. పొద్దున టీ తాగేటప్పుడు వాళ్లంతా వెళ్లి గోడకి వీపులు ఆనించి కూర్చుంటున్నారు. ఒక కుక్క కూడా చేరింది. దాని పక్కనే మీ అన్నయ్య కూర్చుని టీ తాగుతుంటే స్వెట్టరు సంగతి గుర్తుచేశాను. గ్లాసు పట్టుకుని లేచిపోయాడు.

ఆసుపత్రి తరఫున చూసే పెద్ద ఇంజినీరు ఒకాయన వస్తున్నాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగు, అందుకని మేం గొడుగాయన అంటాం. బొంతలు ఎత్తి చూసి, ఏమీ అనకుండా మళ్లీ సర్ది వెళ్లాడు. నాకు అదే పెద్ద మెప్పు.

నిన్న నీ ఫోను సంగతి మీ అన్నయ్య చెప్పాడు. ఆపరేషను ముందుకి జరిపారట, నన్ను వెంటనే రమ్మన్నావట. సమయం చూసి పిలిచావు తల్లీ. ఇక్కడ గోడ ఇంకా జ్వరం మీద ఉంది. కానీ అత్తయ్య అడిగితే రాకుండా ఉంటానా. మీ అన్నయ్య కూడా "నేనున్నా కదా, వెళ్లిరా" అన్నాడు. తేడా బాగా తగ్గేదాకా బొంతల మీద చెయ్యి పడకూడదని అందరి ముందూ చెప్పి వస్తున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేనే ముందు దిగుతానో.

ఈ రెండు గోడలూ క్షేమంగా అయితే చాలు, ఉద్యోగానికో దండం పెట్టి, ఆ బొంతలన్నీ నేనే కప్పుకుని ఆర్నెల్లు నిద్రపోతాను.

నీ వదిన


ఫిబ్రవరి 13

పిచ్చుకా,

గోడ పగిలింది.

మీ ఇంటి నుంచి వచ్చి బస్సు దిగి, పెట్టె పట్టుకుని తిన్నగా సైటుకే వెళ్లాను. గోడ ఒంటి మీద నూలుపోగు లేదు. బొంతలు తడిసి ముద్దయి ఒక మూల కుప్పగా పడున్నాయి. కాంక్రీటు పోయడానికి అచ్చుగా చుట్టూ బిగించిన ఇనప పలకలు కూడా ఊడదీసి రెండో గోడకి బిగిస్తున్నారు. కుర్రవాళ్లిద్దరు పైపులు పట్టుకుని చన్నీళ్లు కొడుతున్నారు. నేను కేక వేసేసరికి పైపులు అక్కడే వదిలేసి పోయారు. గోడ నుంచి ఆవిరి లేస్తోంది.

సన్నటి పగుళ్లు లెక్కపెట్టలేదు. ఒకటి మాత్రం పైనుంచి సగం దాకా దిగింది, అందులో నా గోరు దూరుతోంది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

మీ అన్నయ్యని నిలదీశాను. ఆసుపత్రి పెద్దలు చూడటానికి వస్తున్నారని కూలీలు తొందరపడి తీసేశారనీ, తను ఆ పూట సిమెంటు కోసం బయటికి వెళ్లాడనీ చెప్పాడు. పొడుగామెని అడిగితే నా మొహం చూడకుండా కొంగు సర్దుకుని, తనకి పనుందని వెళ్లిపోయింది. ఆవిడకి నేనేం చేశానో అర్థం కాలేదు. తన వల్లే జరిగిందని భయపడుతోందేమో.

కంపెనీ వాళ్లు విచారణ పెడతారట. గొడుగాయన ఇంతవరకూ నోరు విప్పలేదు. నువ్వు ఒక్క పని చెయ్యి. ఇంకా మా ఆఫీసుకి చేరని నీ రిపోర్టు, ముఖ్యంగా ఆ పెట్టె పరీక్ష ఉన్న పేజీ, గొడుగాయనకి చేరేలా వెంటనే పంపు. కప్పి ఉంచాల్సిన గోడని విప్పడం వల్లే పగిలిందని అది చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నాకు ఇప్పుడున్న దిక్కు అదొక్కటే.

అత్తయ్య కంటి కట్టు విప్పారా?

వదిన


ఫిబ్రవరి 21

వదినా,

నీ ఉత్తరం అందింది. చదివి చాలా బాధేసింది.

అమ్మ కట్టు విప్పారు. మొదట నన్నే చూసి "ఇంత నల్లగా ఎప్పుడయ్యావే" అంది. రోజంతా పక్కింటి మేడ మీద ఆరేసిన బట్టల రంగులు చెబుతోంది. కళ్లద్దాలకి కొలతలు తీసుకున్నారు. మా లేబరేటరీలో తొట్టి కొళాయి కారి నేలంతా నీళ్లు, రెండు రోజులు చెప్పులు చేతిలో పట్టుకుని తిరిగాం. నేను కొత్త చెప్పులు కొన్నాను, కరుస్తున్నాయి.

రిపోర్టు సంగతి మా పెద్దాయన చూస్తున్నారు. అన్నయ్య కూడా ఫోను చేశాడు. ఇంటి విషయం ఇంట్లోనే సర్దుకుందామన్నాడు. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావని చెప్పాడు. అది విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు ఎప్పుడూ అంతే, మా అందరినీ కడుపులో పెట్టుకుంటావు.

ఆరోగ్యం జాగ్రత్త. అన్నం మానెయ్యకు.

పిచ్చుక


మార్చి 3

నీకు,

ఏమని పిలవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

నిన్న విచారణ జరిగింది. ఆఫీసు గదిలో పొడవాటి బల్ల, అవతల కంపెనీ పెద్దలు, ఒక చివర గొడుగాయన. నన్ను ఇవతల ఒక మడత కుర్చీలో కూర్చోబెట్టారు. మీ అన్నయ్య నా పక్కన కూర్చుంటాడనుకున్నాను. అటువైపు కూర్చున్నాడు.

నీ రిపోర్టు చదివారు. ఒకటే పేజీ. నీళ్ల తొట్టిలో ముప్పై డిగ్రీలు, తడి గోనెలో ముప్పై ఆరు. కింద "పరీక్ష ఇంతటితో ముగిసింది" అని నీ సంతకం. నీ సంతకం నాకు తెలియదా, కాలేజీలో నీ బదులు హాజరు వేసినదాన్ని.

ఆ తరవాత లెక్క చాలా తేలిక కదా. ఈ సిమెంటుకి సొంతంగా పెద్ద వేడి లేదు. మరి గోడలో అరవై ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? బొంతల నుంచి. నేను కప్పిపెట్టి ఉడకబెట్టానట, అందుకే పగిలిందట. పైగా సెలవు రాయకుండా సైటు వదిలిపోయానట. ఇంత లావు గోడ నడుముకి పైన బొంత ఉందో లేదో తెలియను కూడా తెలియదయ్యా, బొంత కాపాడేది చర్మాన్ని అని మొత్తుకున్నాను. పెట్టె పరీక్ష జరిగింది, అరవై ఎనిమిది వచ్చింది, మా మరదలు నాకు రాసింది అన్నాను. కంపెనీ పెద్దల్లో ఒకాయన నవ్వి, "వదినామరదళ్ల కబుర్లు పరీక్ష కిందికి రావమ్మా" అన్నాడు.

నేను మీ అన్నయ్య వైపు చూసి "ఏమండీ, మీరు చెప్పండి" అన్నాను. ఆయన బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించి, "ఆవిడకి శ్రద్ధ ఎక్కువ, అనుభవం తక్కువ" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా గురించి నలుగురిలో చెప్పిన మాట ఇదొక్కటే.

బయటికి వచ్చాక పొడుగామె గేటు దగ్గర ఆగి ఉంది. అప్పుడు చెప్పింది. బొంతలు తీయమన్నది మీ అన్నయ్యే, దగ్గర నిలబడి తీయించాడట. రెండో గోడకి పలకలు కావాలి, పెద్దలు వచ్చేసరికి పని ముందుకి జరిగినట్టు కనపడాలి. తను అడ్డుపడితే, అమ్మగారికి చెబితే పని పోతుందన్నాడట. అందుకే నా మొహం చూడలేకపోయింది పాపం.

నన్ను సైటు నుంచి తీసేశారు. ఆయన మీద నాకు కోపం ఉంది, ఆ కోపం ఏం చేసుకోవాలో నాకు తెలుసు. నీ సంగతే అర్థం కావడం లేదు. పరీక్ష ఎక్కడ ముగిసిందే? పెట్టె ఏమైంది?

నీ జవాబులో చెప్పుల గురించి రాయకు.


మార్చి 9

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని లేబరేటరీ మేడ మెట్ల మీద కూర్చుండిపోయాను.

అంతా చెబుతాను. ఆ రోజు నేను నీకు ఫోను చేయలేదు. అన్నయ్యే నాకు చేశాడు. నువ్వు బాగా అలిసిపోయావనీ, రమ్మంటే రావనీ, ఆపరేషను ముందుకి జరిపించి అమ్మ పేరు చెప్పి పిలిస్తే నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుందనీ అన్నాడు. నిజంగా నీ మంచికే అనుకున్నాను. మన ఇంట్లో నువ్వు నవ్వుతూ అమ్మకి తల దువ్వుతుంటే ఎంత మంచి పని చేశానో అనుకున్నాను.

గోడ పగిలాక మళ్లీ చేశాడు. రిపోర్టులో పెట్టె పేజీ ఉంటే తన మేనేజరు పని పోతుంది, కేసు కూడా అవుతుంది, అమ్మ తట్టుకోలేదు అన్నాడు. "మీ వదిన ఒప్పుకుంది, తప్పు తన మీద వేసుకుంటానంది, తను ఎలాగూ ఉద్యోగం మానేస్తోంది" అన్నాడు. నువ్వే కదా రాశావు, ఈ గోడలయ్యాక ఉద్యోగానికి దండం పెడతానని. అది గుర్తొచ్చి నమ్మాను. నీకు ఉత్తరం కూడా రాశాను, నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావని తెలిసి తేలికైందని. నువ్వు కాదనలేదు. నీ మౌనాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

నేను అబద్ధం రాయలేదు వదినా. ఒక పేజీ తక్కువ రాశాను. తొట్టి అంకె నిజం, గోనె అంకె నిజం.

అన్నయ్యని కాదని నేను ఎలా ఉండగలను చెప్పు. నాన్న పోయాక నన్ను చదివించింది వాడే. నువ్వే నా స్థానంలో ఉంటే ఏం చేసేదానివి?

నా మీద కోపం ఉంటే తిట్టు. ఇలా పేరు లేకుండా రాయకు.

నీ పిచ్చుక


మార్చి 13

నీ స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నని అడిగావు. అడిగేదాన్ని. "వదినా, నువ్వు నిజంగా ఒప్పుకున్నావా" అని ఒక కార్డు ముక్క రాసేదాన్ని. సరదాకి అన్న మాటని మా ఆయన దగ్గర ఖాయం చేసుకున్నావు కానీ నా దగ్గర చేసుకోలేదు. నేను కాదంటానని నీకు తెలుసు, అందుకే అడగలేదు. "అలాగే అనుకుంటున్నావు" అని నువ్వు రాస్తే, ఇంట్లో గొడవ పడకుండా సర్దుకోవడం గురించేమో అనుకున్నాను. నా పరువు గురించని నాకేం తెలుసు.

అంకెలు నిజమేనట. అరవై ఎనిమిది కూడా నిజమే కదే. మూత మీద చెయ్యి వేసి చూశానని నాకు రాసింది నువ్వే. ఎవడైనా తొట్టి అంకె చూపిస్తే చెవి పట్టుకుని లాక్కురమ్మన్నావు. ఎవరి చెవి పట్టుకోవాలి ఇప్పుడు?

కోపం పక్కన పెడుతున్నాను. ఇది జాగ్రత్తగా చదువు. వచ్చే గురువారం రెండో గోడ పోస్తారు. బొంతల వల్లే పగిలిందని తేల్చారు కాబట్టి ఈసారి బొంతలు లేవు. పోసిన మర్నాడే పలకలు విప్పి చన్నీళ్లు కొట్టాలని ఆర్డరు వేశారు. ఎండలు ఇంకా రాలేదు, పొద్దున చలి అలాగే ఉంది. అది మొదటి గోడకంటే ఘోరంగా పగులుతుంది. నన్ను గేటు దాటనివ్వడం లేదు. ఆ గది కోసం ఎదురుచూసే రోగులు పాత భవనం వరండాలో బల్లల మీద కూర్చుని ఉంటారు, పనికి వెళ్లేటప్పుడు రోజూ వాళ్ల పక్కనుంచే నడిచేదాన్ని.

గొడుగాయన ఆఫీసు ఫోను నంబరు కింద రాస్తున్నాను. గురువారం లోపల ఫోను చేసి పెట్టె పరీక్ష సంగతి నీ నోటితో చెప్పు. ఆయన వింటాడు. నా పేరు ఎత్తకు, నన్ను మంచిదాన్ని చేయక్కర్లేదు. అంకె చెప్పు చాలు. ఇంత మోసం చేశాక కూడా నిన్ను ఒకటి అడుగుతున్నానంటే, అది నాకోసం కాదని తెలుసుకో.

నేను క్వార్టరు ఖాళీ చేశాను. మా పిన్ని దగ్గరున్నాను.

వదిన


మార్చి 24

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోను దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. నంబరు తిప్పితే అవతల "ఎవరు మాట్లాడుతున్నారు" అంటారు కదా. నేనే, ఆ రిపోర్టు మీద సంతకం పెట్టినదాన్ని అని చెప్పాలి. రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను. మంగళవారం అన్నయ్య వచ్చాడు. ఏమీ అడగలేదు, అమ్మ పక్కన మంచం మీద కూర్చుని కొత్త కళ్లద్దాలు తుడిచి ఆవిడకి పెట్టాడు. అమ్మ వాడి మొహం చూసి, "చిక్కిపోయావురా" అంది. నేను వంటింట్లో నిలబడి విన్నాను.

బుధవారం ఆ పెట్టె పరీక్ష పేజీ కవర్లో పెట్టి పోస్టు చేశాను. చేశాను వదినా. నా చేత్తో డబ్బాలో వేశాను. ఫోను అయితే ఆ రోజే తెలిసేది, నాకు తెలుసు. కాగితం అయితే నేను ఎదురుగా ఉండక్కర్లేదని పోస్టు చేశాను.

అది గొడుగాయనకి చేరేసరికి గోడ పోసేశారు, పలకలు విప్పేశారు. రెండో గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పగిలిందని అన్నయ్య ఫోన్లో చెప్పి, అరవకుండా పెట్టేశాడు. రెండు గోడలూ పగలగొట్టి తీసేయాలట. గొడుగాయన నా పేజీ అందరి ముందూ చదివించారట. అన్నయ్యని మేనేజరుగా తీసేశారు. మా పెద్దాయన నన్ను పిలిచి, ఇక నుంచి నా రిపోర్టుల మీద ఇంకొకరు కూడా సంతకం పెడతారన్నారు. నిన్ను మళ్లీ రమ్మని కంపెనీ వాళ్లు కబురు పెడతారని విన్నాను. నీ మాట నిలబడింది, ఇప్పుడు అందరికీ తెలుసు.

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. అమ్మ నీ గురించి రోజూ అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక నీళ్లు నములుతున్నాను. నాకు ఇంకెవరూ లేరు వదినా. ఒక్కసారి ఎప్పటిలా "ఒసే" అని మొదలుపెట్టి, నీ ఇష్టం వచ్చినట్టు తిడుతూ నాలుగు పేజీలు రాయి. అన్నీ దాచుకుంటాను.

నీ పిచ్చుక


జూన్ 18

పరీక్షా విభాగం అధికారిణి గారికి,

నమస్కారం.

మేము ఇక్కడ ఒక పెద్ద నీళ్ల ట్యాంకుకి పునాది పోయబోతున్నాము. మందం ఎక్కువ. ఈ పనికి క్యూరింగు ఇన్‌చార్జిగా నన్ను తీసుకున్నారు. పాత కంపెనీ వారు రమ్మన్నారు గానీ నేను వెళ్లలేదు. బొంతలు మాత్రం అడిగి తెచ్చుకున్నాను, ఉతికి ఆరేశాము, చిరిగినచోట పొడుగామె మళ్లీ కుట్టింది. ఆవిడ కూడా ఇక్కడే పని చేస్తోంది.

సిమెంటు, ఇసుక, కంకర విడివిడిగా పంపుతున్నాము. బస్తాలు రెండు పొరలవి, దారిలో చిరగవు. దయచేసి ఒకే ముద్దని మూడు విధాలుగా, అంటే నీళ్ల తొట్టిలోనూ, తడి గోనెలోనూ, మూసిన పెట్టెలోనూ ఉంచి వేడి చూడగలరు. ఈ పరీక్షకి మరో రెండు లేబరేటరీల పేర్లు ఇక్కడివారు చెప్పారు. థర్మామీటరు మీకంటే బాగా చదివేవాళ్లని నేను చూడలేదని చెప్పి మీకే పంపించాను.

మీ అమ్మగారికి చూపు బాగా ఆనుతోందని తలుస్తాను. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

ఫలితాలు నా పేరున వద్దు, కంపెనీ పేరున పంపండి. అన్ని పేజీలూ పంపండి.

ఇట్లు,
క్యూరింగు ఇన్‌చార్జి